ఫ్యాక్టరీ గోడ అవతల ఏముంది?

వంట గ్యాసుకు సొంత వాసన లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. సిలిండరు లీకైతే ముక్కుకు ఘాటుగా తగులుతుంది కదా! ఆ వాసన గ్యాసుది కాదు. కంపెనీ వాళ్ళు కావాలని కలుపుతారు. ఎందుకు? గ్యాసు బయటికొస్తే ఇంట్లోవాళ్ళకు వెంటనే తెలియాలని. తెలిస్తే స్టవ్ కట్టేస్తారు. తలుపులు, కిటికీలు తీస్తారు. అగ్గిపుల్ల గీయరు. స్విచ్చి వేయరు. ప్రాణాలు దక్కుతాయి.

ఆ వాసన ఒక కబురు. ప్రమాదం మీద పడకముందే వచ్చే కబురు.

మరి ఊరి పక్కన ఉన్న ఫ్యాక్టరీ సంగతేమిటి? దాని ట్యాంకుల్లో ఏముంది? అది బయటికొస్తే ఏమవుతుంది? పిల్లల్ని తీసుకుని ఎటు పోవాలి? ఆ కబురు ఊరికి ఎవరు చెప్పాలి? చెప్పకపోతే ఎలా అడగాలి? ఈ పాఠం దాని గురించే.

భోపాల్‌లో ఏం జరిగింది?

భోపాల్ మధ్యప్రదేశ్ రాజధాని. అక్కడ యూనియన్ కార్బైడ్ అనే కంపెనీకి పురుగుమందుల ఫ్యాక్టరీ ఉండేది. దాని గోడ పక్కనే పేదల బస్తీలు. 1984 డిసెంబర్ 2 రాత్రి, తెల్లవారితే 3వ తేదీ. అందరూ నిద్రలో ఉన్నారు. ఫ్యాక్టరీలోని ఒక ట్యాంకులోకి నీళ్ళు చేరాయి. అందులో ఉన్న మిథైల్ ఐసోసయనేట్ అనే విషం మరిగి వాయువుగా బయటికొచ్చింది. దాదాపు 40 టన్నులు.

జనం దగ్గుతూ లేచారు. కళ్ళు మండాయి. ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. పిల్లల్ని ఎత్తుకుని వీధుల్లో పడి పరుగెత్తారు. గాలి ఎటు వీస్తే విషం అటే పోతుంది. చాలామంది అటే పరుగెత్తారు. ఆసుపత్రిలో డాక్టర్లకు కూడా అది ఏ విషమో, దానికి ఏ మందు ఇవ్వాలో తెలియలేదు. కొన్ని వేలమంది చనిపోయారు. 5 లక్షలమందికి పైగా ఆ విషగాలి పీల్చారు. ఎంతోమంది ఏళ్ళ తరబడి రోగాలతో బాధపడ్డారు.

తడిగుడ్డ ముఖానికి కప్పుకుని, గాలి వీచే దారి నుంచి పక్కకు తప్పుకుని ఉంటే చాలామంది బతికేవారు. కాని ఆ మాట ముందుగా బస్తీవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తడిగుడ్డకు ఖర్చేమీ లేదు. లేనిదల్లా ఆ కబురే.

విశాఖలో ఏం జరిగింది?

ఇది దూరపు కథ కాదు. 1997 సెప్టెంబర్ 14న విశాఖపట్నంలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాసు అంటుకుంది. దాదాపు 60 మంది చనిపోయారు.

తర్వాత 2020 మే 7. కరోనా లాక్‌డౌన్ రోజులు. విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ఉండేది. ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం అక్కడి ట్యాంకుల్లో ఉంది. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే అది ఆవిరై బయటికొస్తుంది. ఆ రోజు తెల్లవారుజామున 3 గంటల వేళ అదే జరిగింది.

స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు. అది నేల మీదే పాకుతుంది. ఊరి ఇళ్ళ మధ్యకు వచ్చింది. జనం రోడ్ల మీద కుప్పకూలిపోయారు. పశువులు చచ్చిపోయాయి. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ప్రమాదమని జనాన్ని లేపాల్సిన సైరన్ మోగలేదు.

ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. అంతకు ఏడాది ముందు, 2019లో, ఆ కంపెనీ ప్రభుత్వానికి ఒక అఫిడవిట్ ఇచ్చింది. తను చేస్తున్న ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి లేదని అందులో రాసింది. అంటే ఆ సంగతి ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. కాని ప్రభుత్వ కాగితాల్లో ఉన్నంత మాత్రాన ఊరికి తెలిసినట్టు కాదు. అడిగితే కాగితం బయటికొస్తుంది. ఏ కాగితం అడగాలో తెలిస్తేనే అడగగలం.

పేరు తెలిస్తేనే దారి తెలుస్తుంది

"ఫ్యాక్టరీలో ఏదో విషం ఉందట" అని తెలిస్తే చాలదు. ఏ విషమో తెలియాలి. ఒక్కో దానిది ఒక్కో తీరు.

అమ్మోనియా ఐస్ ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, రొయ్యల ప్లాంట్లలో ఉంటుంది. మామూలుగా గాలి కంటే తేలిక. నీళ్ళలో కరుగుతుంది. అందుకే తడిగుడ్డ సాయపడుతుంది.

క్లోరిన్ తాగునీటిని శుభ్రం చేసే ప్లాంట్లలో, కొన్ని ఫ్యాక్టరీల్లో ఉంటుంది. గాలి కంటే బరువు. పల్లంలో నిలుస్తుంది. కాబట్టి మెట్టకు పోవాలి. గోతుల్లో, పల్లపు చోట్ల దాక్కోకూడదు.

వంట గ్యాసు కూడా బరువే. పైగా అంటుకుంటుంది. దాని దగ్గర నిప్పు, కరెంటు స్విచ్చి, బండి స్టార్టు చేయడం, అన్నీ ప్రమాదమే.

అందుకే రసాయనం పేరు అడగాలి. పేరు తెలిస్తే ఏం చేయాలో డాక్టరుకు తెలుస్తుంది. ఎటు పోవాలో ఊరికి తెలుస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

భోపాల్ తర్వాత ప్రభుత్వం కళ్ళు తెరిచింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల గురించి నియమాలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైన మాటలు ఇవి.

ఒకటి. పెద్ద ప్రమాదానికి అవకాశం ఉన్న ఫ్యాక్టరీ యజమాని చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలి. ఏ ప్రమాదం రావచ్చో చెప్పాలి. వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పాలి.

రెండు. ఫ్యాక్టరీ లోపల ప్రమాదం జరిగితే ఏం చేయాలో యజమాని ఒక ప్లాను రాసి పెట్టుకోవాలి.

మూడు. ప్రమాదం గోడ దాటి బయటికొస్తే ఏం చేయాలో ఇంకో ప్లాను ఉండాలి. దాని బాధ్యత జిల్లా అధికారులది. ఆ ప్లాను ప్రకారం ఏడాదికి ఒక్కసారైనా రిహార్సల్ జరపాలి. సైరన్ మోగించి, జనాన్ని ఎలా తరలిస్తారో చేసి చూడాలి.

1996లో ఇంకో నియమావళి వచ్చింది. జిల్లాకు ఒక కమిటీ, ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్న చోట స్థానికంగా ఒక కమిటీ ఉండాలని అందులో ఉంది. ఆఫీసుల్లో వీటిని 'క్రైసిస్ గ్రూపు' అంటారు. జిల్లా కమిటీకి కలెక్టరు పెద్ద. స్థానిక కమిటీలో పోలీసు, ఫైర్ ఆఫీసరు, డాక్టర్లతో పాటు సర్పంచు లాంటి ఊరి పెద్దలకు, సంఘ సేవకులకు కూడా చోటు ఉంది. స్థానిక కమిటీ నెలకోసారి కూర్చోవాలి. ఎవరైనా అడిగితే, అక్కడ రాగల ప్రమాదం గురించి జనానికి చెప్పాలి.

మన రాష్ట్రాల్లో ఆడవాళ్ళు ఎంతోమంది సర్పంచులుగా ఉన్నారు. వారు ఈ కమిటీ గురించి అడగవచ్చు. "ఎప్పుడు కూర్చున్నారు? మా పంచాయతీ నుంచి ఎవరున్నారు?" అని నిలదీయవచ్చు.

నోటితో అడిగినా చాలు

ఎవరూ చెప్పకపోతే ఏం చేయాలి? అందుకు సమాచార హక్కు చట్టం ఉంది. అది 2005లో వచ్చింది. ఈ చట్టం ఢిల్లీలో ఊరికే పుట్టలేదు. 1990లలో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు, రైతులు, ఆడా మగా కలిసి, "మా కూలి లెక్కలు చూపించండి" అని అడిగారు. ఊరి మధ్య సభ పెట్టి లెక్కలు చదివించారు. ఆ పోరాటం దేశమంతా పాకింది.

ఈ చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ ఆఫీసులో సమాచార అధికారి ఉంటారు. దరఖాస్తు తెలుగులో రాయవచ్చు. జిల్లా ఆఫీసులో ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటల్లో ఇవ్వాలి.

రాయలేనివారి సంగతి కూడా చట్టం మరచిపోలేదు. నోటితో చెబితే చాలు. దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారి సాయం చేయాలి. ఇది ఆయన దయ కాదు. ఆయన విధి.

ఆఫీసులో ఏమంటారు?

పొదుపు సంఘం నుంచి ఇద్దరు వదినా మరదళ్ళు దరఖాస్తు పట్టుకుని వెళ్ళారనుకుందాం. అక్కడ ఇలా జరగవచ్చు.

"ఫ్యాక్టరీ సంగతులు మీకెందుకమ్మా?"

"ఎందుకో చెప్పక్కర్లేదు సార్. చట్టంలోనే రాసుంది."

"ఈ కాగితం మా ఆఫీసులో ఇచ్చేది కాదు. వేరే ఆఫీసుకు పోండి."

"మీరే ఆ ఆఫీసుకు పంపాలి కదండీ. అయిదు రోజుల్లో పంపాలంట. మాకు రసీదు ఇవ్వండి చాలు."

"అదంతా కంపెనీ వ్యాపార రహస్యం. బయటికి చెప్పకూడదు."

మరదలు వదిన వైపు చూసింది. వదిన తడుముకోలేదు.

"బాబూ, మా ఇంట్లో ఆవకాయలో ఏం కలుపుతానో పక్కింటికి చెప్పను. అది నా రహస్యం. కాని పొయ్యి మీద నూనె సలసల కాగుతుంటే, పిల్లల్ని ఇటు రానివ్వొద్దని చెప్పనా? వాళ్ళ సరుకు ఎలా చేస్తారో మాకొద్దు. ఏ విషం ఉంది, ఎంత ఉంది, వస్తే ఎటు పోవాలి? అదే మాకు కావాలి."

వదిన మాటకు చట్టంలో బలం ఉంది. వ్యాపార రహస్యమైనా సరే, చెప్పడం వల్ల జనానికి మేలు ఎక్కువైతే చెప్పవచ్చని చట్టం అంటోంది.

జవాబు రాకపోతే, లేదా సరిగ్గా ఇవ్వకపోతే, 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి అప్పీలు చేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రాయాలి. తగిన కారణం లేకుండా ఇవ్వని అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

దరఖాస్తు ఇలా రాయండి

సమాచార అధికారి గారికి,
జిల్లా కలెక్టరు కార్యాలయం, ............

అయ్యా / అమ్మా,
సమాచార హక్కు చట్టం, 2005 కింద ఈ కింది సమాచారం ఇవ్వగలరు.

1. మా ............ గ్రామం పక్కనున్న ............ ఫ్యాక్టరీ, పెద్ద ప్రమాదానికి అవకాశం ఉన్న ఫ్యాక్టరీల జాబితాలో ఉందా?
2. అక్కడ నిల్వ ఉంచే ప్రమాదకర రసాయనాల పేర్లు, పరిమాణం.
3. ప్రమాదం గోడ దాటితే అమలు చేయాల్సిన ప్లాను కాపీ.
4. ఆ ప్లాను మీద చివరి రిహార్సల్ ఏ తేదీన, ఏ గ్రామంలో జరిగింది?
5. స్థానిక క్రైసిస్ గ్రూపు సభ్యుల పేర్లు, చివరి సమావేశం తేదీ.

ఫీజు 10 రూపాయలు జతచేశాను.

పేరు: ............
చిరునామా: ............
తేదీ: ............ సంతకం: ............

ఒక కాపీ ఇంట్లో దాచుకోండి. రసీదు అడిగి తీసుకోండి. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి.

జవాబు వచ్చాక

కాగితం బీరువాలో పెడితే ఊరికి లాభం లేదు. సంఘం మీటింగులో పైకి చదవాలి. గ్రామసభలో చదివించాలి. రసాయనం పేరు, చేయాల్సిన పనులు పెద్ద అక్షరాలతో రాసి పంచాయతీ ఆఫీసు దగ్గర, బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర అంటించాలి. సైరన్ ఎలా మోగుతుందో పిల్లలకు చెప్పాలి. ముసలివాళ్ళను, బాలింతలను, నడవలేనివారిని ఎవరు తీసుకెళ్ళాలో ముందే అనుకోవాలి. రిహార్సల్ జరగలేదని జవాబు వస్తే, జరపమని గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి.

గుర్తుంచుకోండి

అత్యవసరానికి: 112
అంబులెన్సు: 108
ఫైర్ ఇంజను: 101

కొత్త మాటలు

రసాయనం: ఫ్యాక్టరీలో వాడే మందు లాంటి పదార్థం. కొన్ని విషం. కొన్ని అంటుకుంటాయి.
నిల్వ: దాచి ఉంచిన సరుకు.
రిహార్సల్: ముందే ఒకసారి చేసి చూడటం.
అప్పీలు: కింది అధికారి వినకపోతే పై అధికారికి చెప్పుకోవడం.

చర్చించండి

1. మీ ఊరికి దగ్గర్లో ఏ ఫ్యాక్టరీలు, ఐస్ ప్లాంట్లు, గ్యాసు గోడౌన్లు ఉన్నాయి? వాటిలో ఏముందో మీలో ఎవరికి తెలుసు?
2. అక్కడ పనికి వెళ్ళేవారు మీ ఇళ్ళలో ఉన్నారా? వారికి ఏం చెప్పారు?
3. అర్ధరాత్రి సైరన్ మోగితే మీ వీధివాళ్ళు ఎటు పోతారు?

చేయండి

పైన ఇచ్చిన దరఖాస్తులో ఖాళీలు నింపండి. మీ పేరు మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. వచ్చే సోమవారం కలెక్టరు ఆఫీసుకు ఎవరెవరు వెళ్ళాలో ఈ రోజే అనుకోండి.