దాగిన చీమును చూపు చిత్రములు

విద్యార్థులారా! కాలిలో ముల్లు విఱిగి చీము పట్టినప్పుడు పైన ఎన్ని పట్లు వేసినను, ముల్లు తీసి చీము వెడలింపనిదే బాధ తీరదు. ఇంటింట తెలిసిన యీ విషయమందు ఒక పెద్ద వైద్యసూత్రము ఇమిడియున్నది.

సెప్సిస్ అనునది గ్రీకు మాట. కుళ్లుట అని దాని యర్థము. శరీరమున సూక్ష్మజీవులు చేరినప్పుడు, వానిని ఎదిరింపవలసిన దేహశక్తియే అదుపు తప్పి తన అవయవములకు హాని చేయు ప్రమాదస్థితిని నేడు ఈ పేరున పిలుతురు. 2017లో ప్రపంచమున సుమారు 1 కోటి 10 లక్షల మరణములు దీనికి సంబంధించినవని ఒక అంచనా.

ఇట్టి రోగికి వైద్యులు ఆలస్యము చేయక యాంటీబయాటిక్ మందు లిత్తురు. కాని చీముగడ్డ లోపలికి మందు చక్కగా చేరదు. కావున రోగమూలమెచ్చట నున్నదో కనిపెట్టవలయును.

1895లో రాంట్‌జన్ కనుగొనిన ఎక్స్ కిరణములతో తీసిన ఛాతీ చిత్రమున న్యుమోనియా కానవచ్చును. అల్ట్రాసౌండ్ యంత్రమును రోగి మంచము కడకే తేవచ్చును. అది ధ్వనితరంగములతో పనిచేయును గాన కిరణముల బెడద లేదు. పిత్తాశయపు వాపు, మూత్రపిండపు ఉబ్బు దానివలన తెలియును. కడుపులో లోతున దాగిన గడ్డలకు సి.టి. స్కాన్ మేలు. 1971లో మొదటి రోగికి ఆ పరీక్ష జరిగెను.

మూత్రనాళమున రాయి అడ్డుపడి, వెనుక నిలిచిన మూత్రమున సూక్ష్మజీవులు పెరిగిన వనుకొనుడు. అప్పుడు మందొక్కటే చాలదు. చిత్రమున ఉబ్బును చూచి, సన్నని గొట్టము నమర్చి ఆ మూత్రమును వెడలింతురు.

అయితే ఎచ్చట వెదకవలయునో యంత్రమునకు తనంతట తెలియదు. నొప్పి మొదట ఎచ్చట పుట్టినది, పుండ్లు గలవా, శస్త్రచికిత్స జరిగినదా, ఏ మందులు వాడిరి అను సంగతులు ఇంటివారే చెప్పవలయును. మన యిండ్లలో అవ్వకు, తాతకు తెలుగే తెలియును. వైద్యునిది వేఱొక భాష కావచ్చును. అచ్చట రెండు భాషలు నేర్చిన మీరే వారధి. పెద్దల మాటకు ఊహించి ఏమియు కలుపకుడు. అల్పమని దేనిని విడువకుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. జ్వరముతో గాని, జ్వరము లేకయే గాని, మతి తప్పుట, ఊపిరి వేగమగుట, మూత్రము తగ్గుట కానవచ్చినచో తెల్లవారు వఱకు వేచియుండక రోగిని ఆసుపత్రికి చేర్పుడు.

ప్రశ్న: చీముగడ్డ యున్నప్పుడు మందొక్కటే ఏల చాలదు?