కల్చరు పొట్లములో ప్రాణమున్న సూక్ష్మజీవులెన్ని?

రేణిగుంట చుట్టుపట్ల ఎఱ్ఱనేలలలో వేరుశనగ ముఖ్యమైన మెట్టపైరు. ధరణి, నారాయణి మున్నగు రకములను తిరుపతి పరిశోధనా స్థానము వారు రైతులకు అందించిరి. మంచి రకము విత్తిననూ, గాలిలోని నత్రజని పైరునకు దక్కవలెనన్న వేళ్లపై బుడిపెలు ఏర్పడవలెను. వీటిని కలిగించునది రైజోబియం అను సూక్ష్మజీవి. మనము కొను కల్చరు పొట్లములో బొగ్గుపొడి వంటి పదార్థము బండి మాత్రమే. సరుకు ఈ సూక్ష్మజీవియే.

సూక్ష్మజీవుల పెరుగుదల ఎట్టిది?

ఒకటి రెండగును, రెండు నాలుగగును. వేరుశనగ జాతి రైజోబియం మందముగా పెరుగును. 8 గంటలకొకసారి రెట్టింపగునని అనుకొనుడు. మిల్లీలీటరుకు 10 లక్షలున్న ద్రవము 10 కోట్లగుటకు రెండు దినములకు పైగా పట్టును. ద్రవము మసకబారుటను బట్టి పెరుగుదలను అంచనా వేయవచ్చును. కాని చచ్చిన జీవులు కూడ ద్రవమును మసకబరచును. కావున ప్రాణమున్నవానిని వేరుగా లెక్కింపవలెను.

లెక్కించు విధము

1 గ్రాము పొడిని 9 మి.లీ. శుద్ధిచేసిన నీటిలో కలుపుదురు. అందులో 1 మి.లీ. తీసి మరొక 9 మి.లీ. నీటిలో కలుపుదురు. ఇట్లు ఆరవ గొట్టము చేరుసరికి 10 లక్షల వంతులలో ఒక వంతగును. దానినుండి 1 మి.లీ. తీసి, కాంగో రెడ్ రంగు కలిపిన అగారు పళ్లెములో పెంచుదురు. రైజోబియం ఆ రంగును అంతగా పీల్చక తెల్లని చుక్కలుగా కనబడును. చుక్కలు 30కి తక్కువైన లెక్క నమ్మదగదు. 300 మించిన లెక్కింప వీలుపడదు. 65 చుక్కలున్న, గ్రామునకు 6 కోట్ల 50 లక్షలు. ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారము పొడి కల్చరులో గ్రామునకు 5 కోట్లకు తగ్గరాదు.

రైతునకు దీనితో పనియేమి?

200 గ్రాముల పొట్లములో, ఆ కనీసపు లెక్కన, 1,000 కోట్లుండును. ఎకరమునకు 60 కిలోల గింజలు, అనగా సుమారు లక్షన్నర గింజలు, విత్తినచో గింజకు 66 వేలు వచ్చును. పొట్లము ఎండలో మాడి నూటికొకటి మాత్రమే బ్రతికిన, గింజకు 660 మాత్రమే. రంగులో, వాసనలో తేడా తెలియదు. పెట్టిన సొమ్ము మట్టిపాలగును.

కావున గడువు తేదీ చూచి కొని, పొట్లమును నీడలో చల్లగా ఉంచుడు. తెగుళ్ల మందు ముందు పట్టించి, కల్చరును చివర బెల్లపు నీటితో పట్టించి, నీడన ఆరబెట్టి వెంటనే విత్తుడు.

పొలములో పరీక్ష

కొన్ని సాళ్లు కల్చరు పట్టించని గింజలతో విత్తుడు. 30, 35 దినములకు రెండు వైపుల నుండి కొన్ని మొక్కలను వేళ్లు తెగకుండ త్రవ్వి తీసి, బుడిపెలను లెక్కించి, కోసి చూడుడు. లోపల ఎఱ్ఱగానున్న అవి పనిచేయుచున్నవి. తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్న పనిచేయుట లేదు. నూర్పిడి తరువాత రెండు వైపుల కాయలను సమానముగా ఎండబెట్టి తూచుడు. పచ్చికాయల తూకము తేమ తూకమే. ఏటేటా వేరుశనగ వేయు నేలలో ఈ సూక్ష్మజీవులు ముందే ఉండును గనుక తేడా స్వల్పముగా నుండవచ్చును. మీ పొలమునకు కల్చరు ఎంత లాభమో మీ త్రాసే చెప్పగలదు.