సెలవులకు వచ్చిన బిడ్డ తిరిగి వెళ్లకపోతే



తడ నుండి కావలి దాకా మన తీరం వెంబడి ఏ ఊరు తీసుకున్నా, కొడుకో కూతురో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. వేసవిలో కూతురు పసిబిడ్డతో దిగుతుంది. అల్లుడికి సెలవు దొరకలేదంటారు. నెల గడుస్తుంది. తిరుగు టికెట్టు తేదీ దాటిపోతుంది. ఇరుగుపొరుగు అడిగితే "ఇంకొన్నాళ్లు ఉంటుందిలే" అన్న జవాబు వస్తుంది. బడులు తెరవగానే బిడ్డను దగ్గరలోని కాన్వెంటులో చేరుస్తారు. సముద్రాల అవతల ఒక తండ్రి ఫోను పట్టుకుని కూర్చుంటాడు, ఎవరూ ఎత్తరు. అతనిని కన్నవారు మన పక్క విచారణలోనే ఉండవచ్చు.

దీనికి చట్టం పెట్టిన పేరు మనకు మింగుడుపడదు. అపహరణ అంటుంది చట్టం. కన్నతల్లి తన బిడ్డను తెచ్చుకుంటే అపహరణ ఎలా అవుతుందని మనం అడుగుతాం. బిడ్డపై ఇద్దరికీ హక్కు ఉన్నప్పుడు, ఒకరు రెండోవారి సమ్మతి లేకుండా బిడ్డను దేశం దాటించడం ఇందులోకి వస్తుంది. ఒప్పుకున్న గడువు దాటాక తిరిగి పంపకుండా అట్టిపెట్టుకోవడం కూడ అంతే. ఇది తల్లులు మాత్రమే చేసే పని కాదు. తండ్రి బిడ్డను తెచ్చి నాయనమ్మ దగ్గర వదిలి, తల్లిని అక్కడ ఒంటరిని చేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఇలాంటి బిడ్డల కోసం హేగ్ నగరంలో 1980 అక్టోబరు 25న దేశాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. అది 1983 డిసెంబరు 1 నుండి అమలులో ఉంది. నేడు వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. పదహారేళ్లలోపు బిడ్డను ఇలా తరలిస్తే, వాడు అంతవరకు పెరుగుతున్న దేశానికి త్వరగా తిప్పి పంపాలి. ఎవరి దగ్గర ఉండాలో అక్కడి కోర్టు తేలుస్తుంది. బిడ్డకు తీవ్రమైన హాని జరిగే ప్రమాదముందని రుజువైతే పంపకుండా ఉండే వీలూ అందులో ఉంది. మన దేశం ఈ ఒప్పందంలో చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లో తన 218వ నివేదికలో సిఫారసు చేసింది. చేరితే భర్త దెబ్బలు తప్పించుకుని పుట్టిల్లు చేరిన ఆడబిడ్డలను బలవంతంగా వెనక్కు తోసినట్లవుతుందని కొందరు వాదిస్తారు. ఆ భయం ఉత్తది కాదు.

ఒప్పందం లేనందువల్ల అక్కడి తండ్రి ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేసుకోవాలి, లేదా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకెక్కాలి. తీర్పు ఇలాగే వస్తుందని ఎవరూ చెప్పలేరు. విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నంత మాత్రాన బిడ్డను పంపనక్కరలేదని, బిడ్డ మేలే ముఖ్యమని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అదే కోర్టు 2019 మార్చి 15న, అమెరికాలో పుట్టి 2017లో తల్లితో హైదరాబాదు వచ్చిన ఇద్దరు పిల్లలను తిరిగి అక్కడికే పంపాలని తీర్పు ఇచ్చింది.

మనకు దగ్గరగా, చెన్నైలో తేలిన మరో సంగతి చూడండి. 2007 జూన్‌లో ఒక తల్లి కుమారునితో అమెరికా నుండి వచ్చింది. తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. బిడ్డ జాడ తెలియలేదు. చివరకు సి.బి.ఐ. వారు 2009 అక్టోబరులో చెన్నైలో కనుగొన్నారు. అప్పటికి బాబుకు ఏడేళ్లు. ఆ రెండేళ్లలో వాణ్ణి ఒక బడి నుండి మరో బడికి, ఒక రాష్ట్రం నుండి మరో రాష్ట్రానికి మార్చారు. ఎక్కడా స్థిరంగా చదువుకోలేదు, స్నేహితులు ఏర్పడలేదు. 2009 నవంబరు 13న కోర్టు బిడ్డను అమెరికా తీసుకువెళ్లమని తల్లినే ఆదేశించింది. ప్రయాణ ఖర్చులు, అక్కడ ఆమె ఉండే వసతి తండ్రే భరించాలి. ఆమె మీద ఉన్న వారెంట్లు తీసివేయమని అతడే అధికారులను కోరాలి, కేసులు పెట్టకూడదు. ఈ చివరి షరతులు గమనించారా? అమెరికాలో 1993 చట్టం ప్రకారం ఇలా బిడ్డను తరలించినవారికి మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. విమానం దిగగానే తల్లిని పట్టుకుపోతే బిడ్డకు ఒరిగేదేమిటి? రాజీ కోసం కూర్చునే పెద్దలు మొదట అడగవలసిన షరతులు ఇవే.

ఇక మన సంగతి. కూతురు బిడ్డతో గడపలో నిలబడితే ముందు అన్నం పెట్టండి. ఊరు ఏమనుకుంటుందోనన్న మాట తరువాత. ఆమె చెప్పేది చివరంటా వినండి. కొట్టాడని, బెదిరించాడని చెబితే "సర్దుకుపో" అని పంపకండి. హేరోదు చేతినుండి తప్పించడానికి పునీత జోజప్పగారు రాత్రికి రాత్రే పొలిమేర దాటారు. దాటిన ప్రతివారూ తప్పు చేసినవారు కారు. అయితే ఆయన తల్లినీ బిడ్డనూ విడదీయలేదన్నది కూడ మరువరాదు. హింస ఉంటే ఆస్పత్రి కాగితాలు, అక్కడ పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులు, సందేశాలు జాగ్రత్త చేయించి వకీలును కలవండి. స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. నెల్లూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆలస్యం చేస్తే కష్టం ఇద్దరికీ పెరుగుతుంది. అక్కడ ఆమె లేకుండానే ఉత్తర్వులు వస్తాయి, బిడ్డ వీసా గడువు కూడ దాటిపోవచ్చు.

మన బడులు, హాస్టళ్లు నడిపే గురువులకు, మఠకన్యలకు ఒక మనవి. ఏడాది మధ్యలో విదేశీ పాస్‌పోర్టు ఉన్న బిడ్డను తెచ్చి, తండ్రి పేరు రాయవద్దని అడిగితే వెంటనే ఒప్పుకోవద్దు. చదువు కాదనకండి, కాని రికార్డులో పేరు మార్చకండి. జ్ఞానస్నాన పత్రం విషయంలోనూ అంతే. బిడ్డను దాచిపెట్టడానికి మన హాస్టలు ఉపయోగపడకూడదు.

బిడ్డను పోగొట్టుకున్న వైపు ఇల్లు మరీ విచిత్రమైనది. చావు జరిగితే ఊరంతా వస్తుంది. ఇక్కడ బిడ్డ బతికే ఉన్నాడు, కాని లేడు. పరామర్శకు వెళ్లాలో లేదో తెలియక అందరూ మానేస్తారు. వెళ్లండి. మనవడి సంగతి ఎత్తితే బాధపడతారని తప్పించుకోకండి, వాళ్లకు ఆ పేరు ఎవరైనా పలకడమే కావాలి. ఆ తండ్రికి "వేరే పెళ్లి చేసుకో" అన్న సలహా వద్దు. అక్కడి విదేశాంగ శాఖలో పిల్లల వ్యవహారాలు చూసే కార్యాలయం ఉంది, దానికి తెలియజేశాడో లేదో అడగండి. ప్రతి పుట్టినరోజుకు ఒక ఉత్తరం రాసి, నకలు ఉంచుకోమనండి. బావమరుదులను పంపి బడి గేటు దగ్గర నుండి బిడ్డను ఎత్తుకొచ్చే ఆలోచన ఎవరు చెప్పినా గట్టిగా ఆపండి. బిడ్డ రెండోసారి అదే దెబ్బ తింటాడు.

బిడ్డ గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. వచ్చీరాని తెలుగుతో, కారం తినలేక, చెప్పుకోవడానికి ఎవరూ లేక ఒక మూల కూర్చుంటాడు. మన ఇళ్లలో పెద్దలు ముద్దుకు అడిగే ప్రశ్న ఒకటుంది: "నీకు అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?" ఈ బిడ్డను మాత్రం అది అడగకండి. వాడికి అది సరదా కాదు, సాక్ష్యం. తండ్రి ఫొటో గోడమీద నుండి తీసేయకండి. వాడి ముందు అతన్ని తిట్టకండి. మీ కోపం నిజమైనదే కావచ్చు, వంటింట్లో తిట్టుకోండి.

బిడ్డను దగ్గర ఉంచుకోని తండ్రికిగాని తల్లికిగాని, ప్రత్యేక కారణం లేకపోతే, రోజూ ఐదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. కోర్టు చెప్పేదాకా ఆగనక్కరలేదు. ప్రమాదం లేదని వకీలు అంటే అమ్మమ్మ, తాతయ్యలే ఈ పని మొదలు పెట్టవచ్చు. మనకు ఉదయం ఆరున్నర అయినప్పుడు అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ముందురోజు రాత్రి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. బిడ్డ పాలు తాగి బడికి తయారయ్యే వేళ అది. తండ్రి పని ముగించుకుని ఇంట్లో ఉండే వేళ కూడ.