‘శాంక్షన్’ అంటే ఏమిటని అడిగిన చిరంజీవికి

‘లోను శాంక్షన్ అయింది’ అంటే ఇంట్లో నోరు తీపి చేసుకుంటారు. ఒక దేశం మీద ‘శాంక్షన్స్’ పడ్డాయంటే అక్కడ సరుకులకు కటకట మొదలవుతుంది. తెలుగులో ఈ తికమక లేదు. మొదటిది మంజూరు, రెండోది ఆంక్షలు. ఇంగ్లిషు మాత్రం రెంటినీ ఒకే మాటతో సరిపెట్టుకుంది.

ఈ మాట లాటిన్‌లోని ‘సాంకీరె’ నుంచి వచ్చింది. పవిత్రం చేయడం, తిరుగులేని శాసనంగా ఖాయపరచడం అని ఆ క్రియకు అర్థం. సెయింట్, శాంక్చురీ కూడా ఆ కుదురు మాటలే. అందులోకి శిక్ష ఎలా వచ్చిందో క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన ‘ఇన్‌స్టిట్యూట్స్’ అనే న్యాయ పాఠ్యగ్రంథం గోడను చూపించి చెబుతుంది. నగరం గోడలూ ద్వారాలూ రోమన్లకు ‘సాంక్టస్’. వాటి పట్ల అపచారం చేసినవాడికి మరణశిక్ష ఉంది కాబట్టే వాటికి ఆ పేరు. చట్టాన్ని మీరితే ఏ శిక్షో చెప్పే భాగానికి ‘సాంక్టియో’ అన్నదీ అందుకేనట. పవిత్రం గనక శిక్ష అని మనం అనుకుంటాం; ఆ గ్రంథం లెక్క ప్రకారం శిక్ష ఉంది గనక పవిత్రం.

ఇంగ్లిషులోకి వచ్చాక మొదట్లో దీని అర్థం శాసనమే. ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి ఆరో చార్లెస్ తన ఆస్తులు కూతురికైనా దక్కేలా 1713లో చేసిన వారసత్వ శాసనం పేరు ‘ప్రాగ్మాటిక్ శాంక్షన్’. శాసనాన్ని ఖాయపరచడం అనే వైపు నుంచి ఆమోదం అనే అర్థం స్థిరపడింది. నియమాన్ని పాటించేలా చేసే ఒత్తిడి అనే అర్థం రెండో వైపుది. ఇంగ్లిషు తత్వవేత్త జెరిమీ బెంథామ్ 1789లో ప్రకృతి, రాజ్యం, లోకం, మతం అంటూ అలాంటి ఒత్తిళ్లు నాలుగని లెక్కపెట్టాడు.

ఆంక్షలనే అర్థం జనం నోట బాగా నానింది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఇథియోపియాపై దండెత్తిన ఇటలీ మీద 1935లో నానాజాతి సమితి శాంక్షన్స్ విధించింది. పెట్రోలియాన్ని మాత్రం జాబితాలో చేర్చలేదు; యుద్ధం సాగిపోయింది. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు మన దేశానికీ తగిలాయి.

మన న్యాయభాషలో రెండు అర్థాలూ ఎదురెదురుగా వచ్చే చోటు ఒకటుంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగిపై కోర్టు కేసు నడవాలంటే ముందుగా ‘శాంక్షన్’ కావాలి. అది శిక్ష కాదు, విచారణకు అనుమతి. ఈ మెలిక దగ్గర తడబడని విద్యార్థి అరుదు.

వాక్యంలో గుర్తుపట్టడానికి పక్క మాటలను చూడాలి. బహువచనంలో ఉండి, వెంట ‘ఆన్’, ‘అగెనెస్ట్’ ఉంటే దాదాపుగా ఆంక్షలే. ‘శాంక్షన్డ్ పోస్టు’ మంజూరైన ఉద్యోగం; ‘శాంక్షన్డ్ బ్యాంకు’ ఆంక్షలకు గురైన బ్యాంకు. క్రియగా వాడినప్పుడే అసలు చిక్కు. ‘ప్రభుత్వం ఆ కంపెనీని శాంక్షన్ చేసింది’ అన్న ఒక్క ముక్కతో ఏదీ తేలదు. అలాంటి చోట ‘అప్రూవ్’ అనో ‘పీనలైజ్’ అనో రాయడం మేలు.