నిరుద్యోగం – విద్యావంతులైన యువత మనస్సు

“ఉద్యోగం పురుష లక్షణం” అన్న సామెత మనం చిన్ననాటి నుండి వింటున్నదే. ‘ఉద్యోగ’ శబ్దానికి సంస్కృతంలో అర్థం ప్రయత్నం, పూనిక. కాలక్రమాన తెలుగులో అది జీతం వచ్చే కొలువుకు పేరై నిలిచింది. అందువల్లనే కొలువు దొరకని పట్టభద్రుడు తనలో ఏదో లోపమున్నదని క్రుంగిపోతున్నాడు. ఆ సామెతలో చోటే లేని విద్యావంతురాలి బాధ లెక్కకే రావడం లేదు.

ఉర్దూలో ఉపాధిని ‘రోజ్‌గార్’ అంటారు. పారశీకంలో ఆ పదానికి కాలమని అర్థం. మనం వాడే ‘రోజు’ కూడా పారశీకం నుండి వచ్చినదే. కొలువు లేకపోతే జీతమే కాదు, కాలం కూడా చేజారుతుందన్న సత్యం ఈ పదంలో ఇమిడి ఉన్నది.

ఆస్ట్రియాలోని మరియెంతాల్ గ్రామం ఇందుకు నిదర్శనం. 1929–30లో అక్కడి బట్టల మిల్లు మూతపడగా దాదాపు ఊరంతా పని కోల్పోయింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడ జరిపిన పరిశీలన 1933లో గ్రంథంగా వెలువడింది. తీరిక పెరిగితే చదువు పెరగాలి కదా! కాని రుసుము తీసివేసినా గ్రంథాలయం నుండి తీసుకొనే పుస్తకాలు దాదాపు సగానికి తగ్గిపోయాయి. వీథిలో పురుషుల నడక మందగించింది. ఇంటి పని చేతినిండా ఉన్న స్త్రీలు మాత్రం వారికంటె చురుకుగా నడిచారు. పని మనిషి దినానికి ఒక క్రమాన్ని, నలుగురితో కలయికను, ఉమ్మడి లక్ష్యాన్ని, సంఘంలో గుర్తింపును ఇస్తుందని యహోదా తరువాత వివరించారు.

మరియెంతాల్ వారు మిల్లు కార్మికులు. వారందరిదీ ఒకే కష్టం. మన పట్టభద్రులది ఒంటరి కష్టం. 2022–23 కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వే ప్రకారం నిరుద్యోగ రేటు మొత్తం మీద 3.2 శాతం కాగా, పట్టభద్రులలో 13.4 శాతం. ప్రకటన కోసం ఎదురుచూపు, పరీక్షల వాయిదా, వయోపరిమితి భయం ఒకవైపు, “ఏం చేస్తున్నావు, బాబూ?” అన్న చుట్టాల ప్రశ్న మరొకవైపు. ఆ ప్రశ్నకు జడిసి యువకులు పెండ్లిండ్లకు, పండుగలకు ముఖం చాటువేస్తారు. రాత్రి నిద్ర రాదు. పగలు దేనిపైనా మనస్సు నిలువదు. దీనిని సోమరితనమని నిందించడం అన్యాయం. పదిమందికి ఒక్క ఖాళీ ఉన్నప్పుడు తొమ్మండుగురు మిగిలిపోవడం లెక్కయే గాని, వారి అసమర్థత కాదు.

కాబట్టి కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటి. పట్టా పుచ్చుకొన్న నాటితో విద్యార్థికి గ్రంథాలయ ద్వారం మూసుకొనరాదు. నియమిత వేళకు వచ్చి చదువుకొనడానికి ఒక బల్ల, క్రింది తరగతుల వారికి పాఠం చెప్పే అవకాశం కల్పిస్తే చాలును. వ్యయం స్వల్పం, క్రమము, కలయిక, లక్ష్యము, గుర్తింపు నాలుగూ అందులోనే లభిస్తాయి. విద్యార్థి మిత్రులు కూడా నిరాశ ముదిరినప్పుడు దానిని దాచుకొనరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ‘టెలీ మానస్’ సేవకు 14416 సంఖ్యపై ఉచితంగా ఫోన్ చేయవచ్చును.

కొలువు ఇవ్వడం మన చేతిలో లేకపోవచ్చు. కాని ఉద్యోగమన్న మాటకు తొలి అర్థమైన పూనిక ఒక యువ హృదయంలో ఆరిపోకుండా కాపాడుకొనడం మనందరి చేతిలోనూ ఉన్నది.