పెరటి దోమలకు మందు వారం వారం శుభ్రతే

ప్రశ్న: మా పెరట్లో పూలకుండీలు, తామర తొట్టి ఉన్నాయి. వానాకాలం దోమల బాధ తట్టుకోలేకపోతున్నాం. ఫాగింగ్ చేయిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. పొగ ఎగిరే దోమల్ని చంపుతుందే తప్ప నీళ్లలో పెరిగే లార్వాల జోలికి పోదు. డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా కుండీ కింది పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీటి అంచునే గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో అవి దోమలు కావడానికి వారం, పది రోజులు పడుతుంది. మన దగ్గర శుక్రవారం నిలవ నీళ్లు పారబోసే ‘డ్రై డే’ పాటించమనడం అందుకే. అయితే నీళ్లు ఒంపేసి ఊరుకోకండి, పాత్రల లోపలి అంచుల్ని పీచుతో గట్టిగా తోమండి. అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికుండి, తడి తగలగానే పొదుగుతాయి.

తామర తొట్టిని వారం వారం ఖాళీ చేయలేం కదా అంటారా? అందులో గప్పీ చేపలు వదలండి, లేదా బీటీఐ బాక్టీరియా మందు వేయండి. అది చేపలకు, మొక్కలకు హాని చేయదు. పక్కింటివాళ్లు పట్టించుకోకపోతే మన శ్రమ వృథా కాదా అనీ అనిపించవచ్చు. కానీ ఏడిస్ సాధారణంగా పుట్టిన చోటికి ఒకటి రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. కాబట్టి మీ పెరడు శుభ్రమైతే ఫలితం మీ ఇంట్లోనే కనిపిస్తుంది. దాన్ని చూపించి ఇరుగుపొరుగునూ కలుపుకోండి.