అంకెకు పలికింది, పేరుకు పలకలేదు

దసరాకు వారం ముందు ప్రొద్దుటూరులో బట్టల కొట్టు నడిపేవాళ్లకు ఊపిరి సలపదు. అలాంటి రోజున ఒక హోల్‌సేల్ కొట్టు నుంచి ఫోను. కౌంటర్ కంప్యూటర్‌లో బిల్లు పడడం లేదు, సర్వర్ కనబడడం లేదు. నేను పోయేసరికి మా దగ్గర కొత్తగా చేరిన పిల్లోడు చెమటలు కక్కుతున్నాడు. అరగంటలో యాంటీవైరస్ తీసేశాడు, ఫైర్‌వాల్ ఆపేశాడు, ఐపీ అడ్రస్ మార్చాడు, కంప్యూటర్‌ను డొమైన్ నుంచి, అంటే సర్వర్ అదుపులో ఉండే కంప్యూటర్ల జట్టు నుంచి, బయటికి లాగేశాడు. తెలివి లేక కాదు. వెనకాల సావుకారు నిలబడి ఉన్నాడు. ఒకరు చూస్తుంటే చేతులు ఊరకుండవు, ఏదో ఒకటి చేస్తూ కనబడాలనిపిస్తుంది.

ఆ తొందరను గెలవడమే మా పనిలో మొదటి విద్య. మీ పని ఏదైనా ఇదే మాట చెబుతాను.

చేతులు కట్టుకుని ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎక్కడిదాకా బాగుంది? వైరు గుచ్చినచోట లైటు వెలుగుతోందా? వెలుగుతోంది. సర్వర్‌ను దాని అంకెతో, అంటే 192.168.1.10 అని, పింగ్ చేస్తే జవాబు వస్తోందా? వస్తోంది. పేరుతో చేస్తే? రావడం లేదు. జబ్బు దొరికిపోయింది. దారి బాగానే ఉంది, పేరు చెబితే అంకె చెప్పాల్సిన చోట తప్పుంది. ఆ కంప్యూటర్‌లో డీఎన్ఎస్ దగ్గర సర్వర్ అడ్రస్ ఉండాలి, ఇంటర్నెట్ రౌటర్ అడ్రస్ ఉంది. గూగుల్ ఎక్కడుందో రౌటర్ కనుక్కుని చెప్పగలదు. కొట్టు వెనక గదిలోని సర్వర్ పేరు దానికేం తెలుసు? ఆ అడ్రస్ మార్చడం రెండు నిమిషాల పని. పిల్లోడు చేసిన నాలుగు మార్పులను సరిచేయడానికి గంటన్నర పట్టింది.

అందుకే ఒకసారికి ఒక్కటే మార్చండి. ఫలితం చూడండి. పని జరగకపోతే దాన్ని మళ్లీ ఉన్నట్టు పెట్టాకే రెండోదాన్ని ముట్టుకోండి.

కొనకముందే అడగడం కూడా నేర్చుకోవాలి. జమ్మలమడుగులో ఒక ఆఫీసువాళ్లు నాలుగు కొత్త కంప్యూటర్లు కొన్నాక నన్ను పిలిచారు. అన్నింట్లోనూ విండోస్ హోమ్. అది డొమైన్‌లో చేరదు, ప్రో కావాలి. ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే ఆ ఖర్చు మిగిలేది.

పులివెందుల సంగతి చెప్పడానికి ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది. చీనీకాయల వ్యాపారి ఆఫీసులో ఒక పాత కంప్యూటర్‌ను కొన్ని పొద్దులు సర్వర్ లోపలికి రానివ్వదు. పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నారని అక్కడి పెద్దాయన మీద విసుక్కున్నాను. ఆయన నెమ్మదిగా, "లేదు సార్, రాత్రి కరెంటు పోయిన మర్నాడే ఇట్లయితాంది" అన్నాడు. అప్పుడు స్క్రీన్ మూల చూశాను. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. డొమైన్‌లో రెండు గడియారాల మధ్య 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, మామూలు అమరికలో సర్వర్ ఒప్పుకోదు. చిన్న బ్యాటరీ వేసి, ఆయనను క్షమించమని అడిగాను. రోజంతా ఆ కుర్చీలో కూర్చునే మనిషికి తెలిసినంత, అప్పుడప్పుడు వచ్చిపోయే మనకు తెలియదు. ముందు ఆయన్ను మాట్లాడనివ్వండి.

ఇంకొకటి. తెలిసింది దాచుకుంటే మళ్లీ మళ్లీ మననే పిలుస్తారని కొందరి లెక్క. నాకది నచ్చదు. అరలో బంగారం పెట్టినట్టు దాచుకున్న విద్య ఎవరికీ అక్కరకు రాదు. ప్రొద్దుటూరు కొట్టులో ఆ రోజే రెండు వందల పేజీల నోటుపుస్తకం తెప్పించి సర్వర్ పక్కన మేకుకు వేలాడదీశాం. ఏ వైరు ఏ పోర్టుకు పోతుంది, ఏ కంప్యూటర్‌కు ఏ అంకె, ఏ తేదీన ఏం మార్చాం, అన్నీ పిల్లోడి చేతనే తెలుగులో రాయించాను. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో లేవు. అవి కవరులో వేసి అంటించి సావుకారి బీరువాలో పెట్టాం.

సంక్రాంతికి ముందు ఆ కొట్టు గుమాస్తా ఫోను చేశాడు. "అబ్బయా, నాలుగో కంప్యూటర్ పలకలేదు. పుస్తకం చూసినా. లైటు లేదు, వైరు మార్చినా. పలికింది. తేదీ గూడా రాసినా" అని పెట్టేశాడు.